నూలు మారితే ముడి మారాలి

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలోని సర్వేపల్లి చెరువులోనైనా, తూర్పున ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్టు మీదైనా, విసురు వల వేసే మనిషి అన్నిటికన్నా ముందు చేసే పని ఒకటుంది. వల తాడు కొసనున్న ఉచ్చును మణికట్టుకు తగిలించుకుంటాడు. వలను మడతలుగా చేతిలోకి తీసుకోవడం, ఒళ్లు తిప్పి విసరడం ఆ తర్వాతే. వల గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడగానే అంచున కట్టిన గుళ్లు దాన్ని అడుక్కి దింపుతాయి. చెరువులో ఇది చేపలు పట్టే వల. రొయ్యల రైతుకు మాత్రం తూకం వల. పడిన రొయ్యలను తూచి కిలోకి ఎన్ని తూగాయో లెక్కేస్తే కౌంటు తెలుస్తుంది, మేత ఎంత వేయాలో తేలుతుంది. ఏ పనికి వేసినా తడిసిన వల బరువంతా, అందులో పడినవాటి గింజులాటతో సహా, చివరికి వచ్చి ఆగేది ఆ ఒక్క ఉచ్చు దగ్గరే.

తాడుకు వేసిన ఉచ్చు ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ తెగుతుంది? ఈ ప్రశ్నను అందరికన్నా ఎక్కువగా పట్టించుకున్నవాళ్లు, వింతగా, పొట్టకూటి కోసం చేపలు పట్టేవాళ్లు కారు. సరదాకు గాలం వేసే దొరలు. వాళ్ల వేటలో ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతి ఒకటుంది. అందులో ఎర పురుగు కాదు, పురుగు వేషం. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి ఈగలాగానో తూనీగలాగానో కనిపించేట్టు చేస్తారు. మామూలు గాలాన్ని సీసపు గుండు బరువుతో విసరొచ్చు. ఈ ఈకల ఈగకు బరువే లేదు, విసిరితే ముందుకు పోదు. అందుకని బరువును తాడులోనే పెట్టారు. లావుపాటి తాడు గాలిలో అలలా సాగుతూ కొసనున్న ఈగను మోసుకెళ్తుంది. అంత లావు తాడు నీళ్ల మీద పడితే చేప బెదిరిపోతుంది కాబట్టి, తాడుకూ ఈగకూ మధ్య కంటికి ఆనని సన్నటి దారం కలపాలి. లావుదీ సన్నదీ కలిసే ఆ చోటే ఈ పరికరానికి ఆయువుపట్టు. అక్కడి ముడి బలంగా ఉండాలి, కర్రకున్న రింగుల్లోంచి తట్టుకోకుండా జారిపోయేంత చిన్నదిగానూ ఉండాలి.

ఈ సరదా మద్రాసు రాజధానికీ చేరింది. నెల్లూరు జిల్లా అప్పుడు అందులో భాగం. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేశాడు. అది చాలక 1887లో మన చెరువుల్లో గాలం వేటకే ప్రత్యేకంగా 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. చెరువు గట్టు మీద కూర్చుని ఒక పుస్తకానికి సరిపడా ఆలోచించే తీరిక కలెక్టరీ దొరలకే చెల్లింది.

ఆ రోజుల్లో సన్నదారం పట్టుపురుగు కడుపులోంచి వచ్చేది. గూడు కట్టబోయే పురుగును వెనిగర్‌లో ఊరబెట్టి, దాని పట్టు గ్రంథిని బయటికి తీసి రెండు చేతులతో సాగదీస్తే గట్టి పోగు వస్తుంది. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతం ఈ పనికి పేరుమోసింది. ఒక్కో పోగు జానెడో మూరెడో మించదు కాబట్టి అలాంటివి ఎన్నో ముడివేస్తే తప్ప ఒక దారం తయారయ్యేది కాదు. ఎండిన పోగు పెళుసు, ముడివేస్తే పుటుక్కుమంటుంది. ముందే నానబెట్టి మెత్తపరచాలి. అయితే ఆ పోగుకు ఒక మంచి గుణం ఉంది. పెద్దగా జారదు, సాదా ముడికే పట్టు నిలుస్తుంది.

1935 ఫిబ్రవరిలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. 1938 అక్టోబరులో కంపెనీ దాన్ని లోకానికి ప్రకటించింది. కరోథర్స్ అప్పటికే లేడు, 1937లోనే చనిపోయాడు. నైలాన్‌ను ఎన్ని గజాలంటే అన్ని గజాలు ఒకే పోగుగా లాగొచ్చు. కుళ్లదు, నానబెట్టే పని లేదు. చిక్కల్లా దాని నునుపుతోనే వచ్చింది. పాత ముడులు దాని మీద జారడం మొదలుపెట్టాయి.

ముడిని పట్టి ఉంచేది రాపిడి. దారం దేనికైనా చుట్టుకుంటే ఒక్కో చుట్టుకూ పట్టు గుణకారంలో పెరుగుతుంది, కూడికలో కాదు. రాపిడి గుణకం 0.2 అనుకుంటే ఒక పూర్తి చుట్టుకు దాదాపు మూడున్నర రెట్లు, రెండు చుట్లకు పన్నెండు రెట్లకు పైగా, ఐదు చుట్లకు అయిదు వందల రెట్లు దాటుతుంది. రేవులో పడవ తాడును గుంజకు నాలుగు చుట్లు చుట్టి ఒక్క మనిషి ఆపగలిగేది ఈ లెక్క వల్లే. నునుపైన నైలాన్‌కు ఆ గుణకం తక్కువ, కాబట్టి చుట్లు పెంచాలి. నైలాన్ ముడులన్నీ మెలికల మీద మెలికలుగా కనిపించడానికి కారణం ఇదే.

జారకపోతే తెగుతుంది. ముడిలోకి దారం దూరే చోట వంపు మరీ గట్టిగా ఉంటుంది, వంపు బయటివైపు పోగు ఎక్కువ సాగుతుంది, బరువు పడగానే అక్కడే పుటుక్కు. ఏ మెలికా లేని ఒంటిముడి పడిందంటే దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది. పొడి నైలాన్‌ను ఒక్క గుంజున బిగిస్తే రాపిడి వేడికి పోగు దెబ్బతింటుంది. గాలం వేసేవాళ్లు ముడిని ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించేది అందుకే. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా శాస్త్రం వాళ్ల వైపే ఉంది.

తర్వాత ఫ్లై తాడే మారింది. పట్టు తాడు పోయి, అల్లిన నైలాన్ లాంటి పోగు మీద ప్లాస్టిక్ పూత పూసిన తాడు వచ్చింది. పూత మీద ముడివేస్తే అది చిట్లుతుంది. దీనికి దొరికిన ఉపాయం రెండు ఉచ్చులు. తాడు కొసన ఒకటి, సన్నదారం కొసన ఒకటి. దారం ఉచ్చును తాడు ఉచ్చు మీదుగా తొడిగి, దారం రెండో కొసను తాడు ఉచ్చులోంచి దూర్చి లాగితే రెండూ కొక్కెం వేసుకుంటాయి. దారం మార్చాలంటే ముడి కోయక్కర్లేదు, ఉచ్చులు విడదీస్తే చాలు.

ఇక్కడ చాలామందికి కనబడని తిరకాసు ఒకటుంది. అవే రెండు ఉచ్చులు, అదే కలయిక, కాని రెండు రకాలుగా కూర్చుంటాయి. సరిగ్గా సర్దితే రెండూ సమానంగా వంగి, కరచాలనం చేసుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నావికులు వేసే రీఫ్ ముడి ఆకారం అదే. బరువు నాలుగు కాళ్ల మీదా పంచుకుంటుంది. తొందరపడి లాగితే ఒక ఉచ్చు వెనక్కి మడతపడి, రెండోదాని మెడకు ఉరిలా బిగుసుకుంటుంది. అప్పుడు వంపంతా ఒకరి వంతే, సన్నదారం తాడు పూతను కోసేస్తుంది. అందుకే ఉచ్చులను పూర్తిగా బిగించకముందే వేళ్లతో ఎదురెదురుగా సర్దాలి.

రీఫ్ ముడికి పొరుగునే గ్రానీ ముడి ఉంది. చూడ్డానికి కవలలే, ఒక్క మెలిక దిశలోనే తేడా. గ్రానీ జారుతుంది, రీఫ్ నిలబడుతుంది. నావికులకు ఇది ఏనాటినుంచో తెలుసు, ఎందుకో 2020లో లెక్కగా చూపించారు. అమెరికాలోని ఎంఐటీలో విశాల్ పాటిల్, యోర్న్ డుంకెల్, మథియాస్ కోల్ బృందం ఒత్తిడి పడితే రంగు మారే పోగులతో ముడులు వేసి, 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించింది. దారాలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఎన్ని ఎక్కువుంటే ముడి అంత గట్టి. ఆ చోట్ల దారాలు ఒకే దిక్కుకు దొర్లకుండా ఎదురెదురు దిక్కుల్లో మెలితిరిగితే ఇంకా గట్టి. రీఫ్‌లో జరిగేది అదే. అలాగని రెండు వేరు తాళ్లను రీఫ్‌తో కలిపి ప్రాణాన్ని నమ్ముకోకూడదని ముడుల పండితుడు క్లిఫర్డ్ యాష్లీ 1944లోనే గట్టిగా హెచ్చరించాడు. ఉచ్చుల కలయికలో ప్రతి వైపూ రెండు కాళ్లు లాగుతాయి కాబట్టి ఆ భయం తక్కువ.

సరిగ్గా ఇదే కథ వల మీదా నడిచింది. వల కన్ను ముడి ఎంత పాతదంటే, కరేలియాలోని ఆంట్రెయాలో 1913లో బయటపడిన విల్లో నార వలకు పదివేల ఏళ్లకు పైగా వయసుంది. 1820లో స్కాట్లండ్‌లోని మసెల్‌బరోలో జేమ్స్ పాటర్సన్ యంత్రాలతో వలలు అల్లే కర్మాగారం పెట్టాడు. మొదట్లో ఆ యంత్రం వేసిన ముడులు జారేవి, చేతి ముడినే వేయడం దానికి ఆ తర్వాత అబ్బింది. అయినా నూలు మారలేదు, నూలుతోపాటు కష్టమూ మారలేదు. నూలు వల తడిస్తే కుళ్లుతుంది. రోజూ ఆరబెట్టాలి, అప్పుడప్పుడు చెట్టు బెరడు కషాయం పట్టించాలి.

నెల్లూరు తీరంలో మత్స్యకారులుండే పట్టపుపాలేలకు ఆ చాకిరీ తప్పించింది నైలానే. 1952లో నార్వేతో ఒప్పందం కుదిరి కేరళలో మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు మన దేశంలో నైలాన్ వలలకు దారి తీసింది. కొచ్చిలో 1957లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ కృత్రిమ పోగుల బాగోగులు పరీక్షించింది. నూలు వలకు సరిపోయిన మామూలు కన్ను ముడి నైలాన్ మీద నిలవలేదు. కన్ను ముడి జారితే చిన్న కన్ను పెద్దదవుతుంది, చేప దూరిపోతుంది. ఒంటిపోగు నైలాన్ వలకు అదే ముడిలో ఒక చుట్టు అదనంగా వేసి జంటముడి చేశారు. కర్మాగారంలో వలను సాగదీసి, వేడి పట్టించి ముడుల్ని బిగుసుకునేలా చేశారు. ఫ్లై తాడు మీద మెలికలు పెంచినవాళ్లదీ, వల ముడికి చుట్టు పెంచినవాళ్లదీ ఒకే లెక్క, ఒకరికొకరు తెలియకపోయినా.

కుళ్లకపోవడం అన్ని వేళలా వరం కాదు. తెగి సముద్రంలో పడిపోయిన నైలాన్ వల అడుగున ఏళ్ల తరబడి పీతల్ని, చేపల్ని పట్టి చంపుతూనే ఉంటుంది. నూలు వల ఆ పని ఎక్కువకాలం చేయలేకపోయేది.

ఇప్పుడు రెండు చోట్లా ముడినే తీసేసే ప్రయత్నం నడుస్తోంది. ఫ్లై తాడు కొసను వెనక్కి మడిచి, పూతను వేడితో కరిగించి అతికించిన ఉచ్చుతోనే కర్మాగారం నుంచి వస్తోంది. సన్నకళ్ల వలల్లో ముడి లేకుండా పోగులు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయే రకం వచ్చింది. అది తేలిక, నీటిలో ఈడ్పు తక్కువ. అయితే చినిగితే బాగుచేయడం కష్టం. సముద్రంలో చేప మొప్పల్ని పట్టే వలలు మాత్రం ఇంకా ముడివలలే. చినిగిన కన్నును గట్టు మీద కూర్చుని, సూదీ దారంతో అక్కడికక్కడే తిరిగి అల్లుకోవచ్చు.