కొండవీటి నగరు

గుంటూరుకు పడమట, ఎడ్లపాడు దాపున నున్న కొండలనెక్కి వచ్చినవారందరును కొండవీటి కోటను చూచితిమనియే చెప్పుదురు. వారు చూచినది చాలవరకు కోట చుట్టుగోడను మాత్రమే. శిఖరమునుండి శిఖరమునకు సాగిన రాతిగోడలు, బురుజులు, కొన్ని మండపములు, ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వేదుళ్ల అను పేర్లుగల మూడు చెరువులు మిగిలినవి. రెడ్డిరాజులు కొలువుదీరిన నగరు మాత్రము లేదు.

1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యము నిలిపెను. ఆతని కుమారుడు అనవోతారెడ్డి (1353-64) దానిని కొండవీటికి మార్చెను. కొండ యెక్కుట శత్రువునకు కష్టము. అయినను పైన నీరు లేనిచో ఎంత గోడయైనను కొద్దిదినములకే లొంగిపోవును. కనుకనే ఆ మూడు చెరువులును కోటకు ఆయువుపట్టు.

కుమారగిరిరెడ్డి (1386-1402) యేటేట జరిపించిన వసంతోత్సవముల వలన ఆతనికి కర్పూర వసంతరాయలను బిరుదు వచ్చెను. ఆ కర్పూరమును, సుగంధద్రవ్యములను సముద్రము మీదుగా తెప్పించి యిచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఆ సెట్టికే అంకితమిచ్చెను. నగరులోని వైభవమునకు వెనుక ఓడరేవుల సొమ్ము ఎంత యున్నదో ఈ యొక్క అంకితమే చెప్పుచున్నది.

తరువాతి రాజు పెదకోమటి వేముని ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి. రాణి సూరాంబ కొండ దిగువను సంతానసాగరమను చెరువు త్రవ్వించినది. ఆమె ధర్మమును తెలుపు 1409 నాటి ఫిరంగిపురపు శాసనమును శ్రీనాథుడే రచించెను. ఆ చెరువునకు నీరు తెచ్చుటకై రాకుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించినట్లు 1415 నాటి అమీనాబాదు శాసనము తెలుపుచున్నది.

ఈ రాచవేముడే 1420లో సింహాసన మెక్కెను. స్థానిక కైఫియ్యతులలో ఆతనికి కాలువ పేరు లేదు. పురిటిసుంకము పేరే యున్నది. బిడ్డ పుట్టిన ఇంట పన్ను అడుగగా సవరము ఎల్లయ్య యనువాడు రాజును పొడిచి చంపెనని కథ. కథ నిజమగునో కాదో గాని, 1424తో కొండవీటి రెడ్ల యేలుబడి ముగిసెను. శాసనమున దాత, జనుల నోట పీడకుడు: ఈ రెండింటిలో నొకదానినే నమ్మి చరిత్ర వ్రాయుట సులభము, న్యాయము కాదు.

కొండవీడు తరువాత గజపతులకు చిక్కినది. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచి, గజపతి కుమారుడు వీరభద్రుని బందీ చేసెను. 1579లో గోలకొండవారు పట్టుకొని ఆ సీమకు ముర్తజానగరమని పేరిడిరి. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువారి వశమాయెను. అప్పటికి రాజ్యములు నిలుపుటకు కొండలతో పని తగ్గినది. కచ్చేరి మైదానమున గుంటూరులో వెలసెను. కచ్చేరి వెంట జనమును పోయిరి. కప్పు బాగుచేయువాడు లేని ఇల్లు ఎంతకాలము నిలుచును?

ఇప్పుడు కొండపైకి ఘాట్ రోడ్డు ఉన్నది. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు బురుజుల వద్దనే ఆగక, ఆ చెరువుల గట్లదాక నడిపించుట మంచిది.