బందరు కోట

బందరు కోట కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నం (బందరు) సమీపాన, సముద్రతీరానికి చేరువలో ఉన్న చారిత్రక కోట. 1759లో ఆంగ్లేయులు దీనిని ఫ్రెంచివారి నుండి వశపరచుకోవడంతో ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ఆధిపత్యం ముగిసింది. గోల్కొండ, కొండపల్లి కోటల వలె దీనికి కొండ ఆధారం లేదు. చుట్టూ ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలలే దీనికి రక్షణ.

నేపథ్యం

కుతుబ్‌షాహీల కాలంలో బందరు గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఇక్కడి నుండి అద్దకపు వస్త్రాలు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఈ వర్తకం కోసం 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ స్థావరాలు ఏర్పరచుకున్నారు. 1750లో ఫ్రెంచివారు బందరును ఆక్రమించారు. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్, తన వద్దనున్న ఫ్రెంచి సైన్యం ఖర్చుల నిమిత్తం ఉత్తర సర్కారులను బుస్సీకి ఇచ్చాడు.

1759 ముట్టడి

1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో కల్నల్ ఫోర్డు, విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించారు. కాన్‌ఫ్లాన్స్ బందరు కోటకు చేరుకున్నాడు. 1759 మార్చిలో ఫోర్డు కోటను ముట్టడించాడు. కోటలోని సైన్యం అతని సైన్యం కంటె పెద్దది. ఫ్రెంచివారికి సాయంగా సలాబత్ జంగ్ సైన్యంతో బెజవాడ దాకా వచ్చాడు. ఫోర్డు వద్ద మందుగుండు దాదాపు నిండుకుంది.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు మూడు వైపుల నుండి దాడి చేయించాడు. ఆనంద గజపతిరాజు సేన ప్రధాన ద్వారం వైపు అలజడి చేసింది. మరొక దళం, దాటరాదని అందరూ భావించిన నైరుతి బురదనేల మీదుగా వెళ్ళి రక్షకుల దృష్టిని మళ్ళించింది. ఈలోగా అసలు దళం ఈశాన్య బురుజు ఎక్కింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు.

ఫలితాలు

1759 మే 14న జరిగిన సంధిలో సలాబత్ జంగ్ బందరును, పరిసర ప్రాంతాలను ఆంగ్లేయులకు ఇచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యం నుండి పంపివేయడానికి అంగీకరించాడు. 1766 సంధితో నిజాం ఉత్తర సర్కారులను కూడా కంపెనీకి అప్పగించాడు. ఒకనాడు గోల్కొండ సంపదకు ద్వారమైన బందరు ఈ విధంగా హైదరాబాదు పాలకుల చేజారింది.

తుపాను, శిథిలావస్థ

శత్రువును అడ్డుకోవడానికి అనువనుకున్న పల్లపు నేల సముద్రాన్ని ఆపలేకపోయింది. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో ఉప్పెన బందరును ముంచెత్తగా సుమారు 30,000 మంది మరణించారు. ఆ తరువాత కోటకు సైనిక ప్రాధాన్యం మిగలలేదు. ఆయుధాగారం తదితర కట్టడాల శిథిలాలు మాత్రమే మిగిలాయి.