విశేషణము వెంట చిన్నమాట

ఇంగ్లీషు విశేషణముల వెంట వచ్చు చిన్నమాటలను మన విభక్తులతో కొలిచితిమా, పొరబడుదుము. మనము పామువలన భయపడుదుము. వారు ‘అఫ్రెయిడ్ ఆఫ్’ అందురేగాని ‘ఫ్రమ్’ అనరు. ‘గుడ్’ అను నొక్క మాటయే ‘ఎట్’ చేరినచో నేర్పును, ‘ఫర్’ చేరినచో మేలును, ‘టు’ చేరినచో దయను దెలుపును. కనుక విశేషణమును దాని జంటమాటతోనే వల్లెవేయవలెను.

అన్నిటికంటె మోసపుచ్చునది ‘మారీడ్’. మనకు ‘ఆయనతో వివాహమైనది’ గదా! ఎల్లప్పుడు ఒకరిచేత వ్రాయించుకొను నేను మొదటిసారి స్వయముగా దరఖాస్తు వ్రాయుచు, భర్తపేరునకు ముందు ‘విత్’ ఉంచితిని. మా చిన్నది చూచి ‘టు’ అని దిద్దెను. లేకున్న అట్లే పంపియుందును. ‘మారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అనుట మాత్రము తప్పుగాదు. పెండ్లియై, ఇద్దరు బిడ్డలున్నారని దాని యర్థము. ఆ ‘విత్’ బిడ్డలకే గాని భర్తకు జెల్లదు!