తలుపులో దాగిన ఉక్కు
గుజరాత్‌లో తయారైన జర్మన్ సెడాన్ భద్రతను అమ్మబోయింది. కొనేవాళ్లు మైలేజీ అడిగారు

సూరత్‌లోని లింబాయత్‌లో యంత్రమంటే ముందు గుర్తొచ్చేది సాంచా. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు పవర్‌లూమ్‌ను పిలుచుకునే పేరది. మీటరు గుడ్డకు ఎంత గిట్టుతుందన్నదే అక్కడ యంత్రానికి కొలత. అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని హలోల్‌లో 1996లో తయారీ మొదలైన మరో యంత్రం కూడా చివరికి ఆ లెక్క దగ్గరే తడబడింది. అది ఒపెల్ ఆస్ట్రా.

కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 1993లో ప్రకటించాక విదేశీ కంపెనీలు వరస కట్టాయి. జనరల్ మోటార్స్ హిందుస్థాన్ మోటార్స్‌తో జట్టు కట్టి హలోల్‌కు వచ్చింది. అప్పటిదాకా పెద్ద కారంటే హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సానే. దాని మూలం 1970ల నాటి బ్రిటిష్ వాక్సాల్ విక్టర్. ఆస్ట్రా మాత్రం 1991లో యూరప్‌లో విడుదలైన డిజైన్. అక్కడ మామూలు కుటుంబాల బండి. ఇక్కడికొచ్చేసరికి ఎగ్జిక్యూటివ్ సెడాన్!

దాని అసలు గొప్పతనం కంటికి కనిపించేది కాదు. తలుపుల్లో పక్క నుంచి తగిలే దెబ్బను కాచుకునే జంట ఉక్కు గొట్టాలు పెట్టారు. గుద్దుకున్న క్షణంలో ముందు సీటు బెల్టు బిగువును స్ప్రింగు లాగి పట్టేస్తుంది. ప్రయాణికుడు బెల్టు కిందుగా ముందుకు జారిపోకుండా సీటు అడుగున ఎత్తు అమర్చారు. ఇంజన్‌ను అడ్డంగా కూర్చి ముందు చక్రాలనే తిప్పడంతో లోపల చోటు మిగిలింది. అలాగని లోపమే లేని కారేమీ కాదు. చక్రాల పైభాగంలో తుప్పు పడుతోందని యూరప్ యజమానులు గొణుక్కున్నారు.

బెల్టు పెట్టుకోవడమే నామోషీగా భావించిన రోజుల్లో ఆ బెల్టును బిగించే స్ప్రింగుకు ఎవరు డబ్బిస్తారు? షోరూమ్‌లో ప్రశ్నలు మైలేజీ, విడిభాగాల ధర, మళ్లీ అమ్మితే ఎంతొస్తుందన్న వాటి చుట్టూనే తిరిగాయి. కొనుగోలుదారును తప్పుపట్టడం తేలికే గానీ, భద్రతను చట్టం అడగనప్పుడు అతనొక్కడే ఎందుకు అడగాలి? 2000లో చిన్న కోర్సా వచ్చాక ఆస్ట్రా వెనక్కి తగ్గింది. 2006లో ఒపెల్ పేరే మన దేశం నుంచి తప్పుకొంది.

కొత్త మోడల్ కార్లకు ముందు నుంచి, పక్క నుంచి ఢీకొట్టించే పరీక్షలు తప్పనిసరైంది 2017 అక్టోబరులో. సరిగ్గా ఆ ఏడాదే జనరల్ మోటార్స్ హలోల్‌లో ఉత్పత్తి ఆపేసింది. కర్మాగారం ఎం.జి. మోటార్ చేతికి వెళ్లింది. 2019లో అక్కడి నుంచి హెక్టర్ బయటికొచ్చింది. ఆ పరీక్షలు కార్లకే. లింబాయత్ నుంచి షేర్ ఆటోల్లో ఇరుక్కుని పనికి వెళ్లేవారి పక్కన తలుపే ఉండదు.