బలమునకై ఆటయా? పాత్రకై ఆటయా?



మన వేంపల్లెకు దాపుననే, చక్రాయపేట మండలములో, సురభి యను పల్లె యున్నది. 1885వ సంవత్సరమున వనారస గోవిందరావుగారు అచ్చట కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. తరువాత తెలుగునాట వ్యాపించిన సురభి సమాజములన్నిటికిని ఆ ప్రదర్శనమే మూలము.

కీచకవధ కథ మీకు క్రొత్త కాదు. విరాటుని కొలువులో భీముడు వలలుడను పేర వంటవాడై యున్నాడు. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నెను. భీముని యెదుట నిలువగలవాడు ఆ సభలో ఒక్కడును లేడు. అయినను అతడు చేయి యెత్తలేదు. ఒక చెట్టువంక చూచెను. కంకుభట్టు వేషములో నున్న అన్న మాటకు లోబడి ఆగిపోయెను. ఏలయన, ఆ గడియలో అతడు భీముడు కాడు, వలలుడు. బలము నిండుగా నున్నది. వేషము దానిని పట్టి నిలిపినది. ఈ ఘట్టమును మనసులో నుంచుకొనుడు. నేడు నేను చెప్పబోవు క్రొత్త ఆటకు ఇదియే తాళపుచెవి.

మీ మనుమలు బెంగుళూరిలోనో, హైదరాబాదులోనో, సముద్రముల కావలనో ఉండవచ్చును. అట్టివారిలో కొందరు సెలవు దినములందు నలుగురైదుగురు ఒక బల్లచుట్టు చేరి, కాగితములు, పాచికలు ముందుంచుకొని గంటల తరబడి ఆడుచుందురు. పాచికలను చూచి జూదమని పెద్దలు కలతపడుట సహజము. కాని అందు పణమొడ్డుట లేదు. అది పాత్రధారణ క్రీడ. రంగస్థలము లేని నాటకమనవచ్చును.

ఈ ఆట చదరంగము వంటి యుద్ధక్రీడల వంశమునకు చెందినది. ప్రష్యా దేశమున 1824 నాటికే సైనికాధికారులు పటములపై పాచికలు వేసి యుద్ధతంత్రమును అభ్యసించుచుండిరి. అందు ఒక్కొక్క పావు ఒక్కొక్క దళము. 1974లో అమెరికా దేశస్థులగు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. అందు పావు దళము కాదు, ఒక మనిషి. పావు మనిషి యగుటతో దానికి పేరు, ఊరు, భయము, మాటపట్టింపు అన్నియు వచ్చి చేరినవి.

ఆట జరుగు తీరు ఇది. ఒకడు సూత్రధారుడు. స్థలమును, కాలమును, సంభవమును అతడు వర్ణించును. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, తమ పాత్ర ఏమి చేయునో, ఏమి పలుకునో చెప్పుదురు. ఫలము సందేహాస్పదమైనచోట పాచిక తీర్పు చెప్పును. ప్రతి పాత్రకును దేహబలము, చురుకుదనము, తాళుకొను శక్తి, తెలివి, వివేకము, ఆకర్షణ అను ఆరు గుణములు కలవు. పూర్వపు పద్ధతిలో మూడు పాచికలు వేసి కూడగా వచ్చిన అంకెయే గుణము. తక్కువ పక్షము 3, ఎక్కువ పక్షము 18. చదరంగములో రాజు చిక్కినచో ఆట ముగియును. ఇందులో అట్టి గెలుపోటములు లేవు. కథ సాగుటయే ఆట.

గెలుపు లేని ఆటలోను గెలువగోరువారు కొందరుందురు. 1980లో గ్లెన్ బ్లాకో అను నతడు ఒక వ్యాసములో ఆటగాండ్రను నాలుగు విధములుగా విభజించెను. బలమును కూడబెట్టువారు, పాత్రలో ప్రవేశించువారు, యుద్ధతంత్రమున ఆసక్తులు, కథ నల్లువారు. ఇందు మొదటి రెండు తెగలకే తగవు మెండు. ఆ తగవేమో ఒక దృష్టాంతమున చూతము.

కరువు నాటి పల్లె. చెరువులో నీరు మోకాలిబంటి. ఒక ఆటగాడు నీరుగంటి పాత్ర ధరించెను. చుక్క నీరైనను దొంగిలనీయనని ఊరివారి యెదుట ప్రమాణము చేసెను. అర్ధరాత్రి తూము కడ అలికిడి వినిపించెను. లాంతరు ఎత్తి చూడగా గడ్డపారతో నిలిచియున్నది తన సొంత తమ్ముడు. "నీవిప్పుడేమి చేయుదువు?" అని సూత్రధారుడడిగెను.

బలమునకై ఆడువాడు వెంటనే లెక్కవేయును. కొట్టినచో గెలుతునా? పట్టియిచ్చినచో నాకేమి ముట్టును? అతని కాగితముపై ప్రతిదానికిని అంకె కలదు. తమ్ముడను మాటకు అంకె లేదు. పాత్రకై ఆడువాడు తొందరపడడు. ఎండిన తమ్ముని పైరు అతనికి కనబడును; తాను చేసిన ప్రమాణము వినబడును. తుదకు పట్టియీయవచ్చును, విడిచిపుచ్చవచ్చును, తెల్లవారి ఊరి యెదుట తానే తలవంచుకొని నిలువవచ్చును. ఏది చేసినను సరియే. నోట మాట రాక నిలిచిన ఆ క్షణముననే ఆట పుట్టినది. చుట్టునున్నవారు పాచికలు మరచి అతని ముఖమునే చూతురు.

ఇట్టి భేదమును మన పల్లెలు నాటకములలో ఏనాడో చూచినవి. రాయబారపు పద్యమును రాగము తీసి, వన్స్ మోర్ అని కేకలు వచ్చువరకు సాగదీయు నటుని మీరెరుగుదురు. ఎదుట నిలిచిన దుర్యోధనునికి బదులు పలుకుటకు సందు దొరకదు. గొంతు గెలిచినది, కృష్ణుడు ఓడినాడు. తాడిపత్రిలో జన్మించి బళ్ళారిలో న్యాయవాదియై పేరొందిన రాఘవగారు (1880-1946) ఇట్టి గాన ప్రదర్శనమునకన్న భావమునకును, అభినయమునకును అగ్రస్థానమిచ్చిరి.

అయితే తప్పంతయు ఆటగానిపై మోపుట న్యాయము కాదు. 1974 నాటి నియమములలో రక్కసులను గెలిచినందుకును, ధనము సంపాదించినందుకును పాత్రకు అనుభవపు లెక్క పెరుగుచుండెను. ఆ లెక్క పెరిగినకొలది బలము పెరుగును. దేనిని కొలుతుమో దానినే మనుష్యుడు పెంచును. పంటకు పన్ను, పాలకు వెన్న కొలిచినట్లు. మాట నిలుపుకొన్నందుకు కొలత లేనప్పుడు దానిని నిలుపువాడెవ్వడు? ఈ లోపమును ఆటల కర్తలును గుర్తించిరి. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రచించిన 'పెండ్రాగన్' అను ఆటలో దయ, క్రౌర్యము వంటి స్వభావములకును అంకెలు కలవు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి కూర్పులో, స్వభావమునకు తగినట్లు ఆడినవానికి సూత్రధారుడు ఒక మేలు ప్రసాదింపవచ్చునను నియమమును చేర్చిరి.

మరియొక అపోహ తొలగింపవలయును. బలము దోషము కాదు. భీముడు దుర్బలుడైనచో అతని ఓర్పునకు విలువ యెక్కడిది? నియమములు చక్కగా నేర్చి, సమర్థమగు పాత్రను దిద్దుకొన్నవాడు ఆ పాత్రలో ప్రాణము నింపనూ గలడు. బలమునకై పాత్రను బలియిచ్చుటయే దోషము. పొరుగువారి పాత్రలకు చోటీయక అన్ని పనులు తానే చేయుట అంతకన్న పెద్ద దోషము. అట్టివాడున్న బల్లచుట్టు మొదట నవ్వులు తగ్గును, పిమ్మట మాటలు తగ్గును, తుదకు మనుష్యులు తగ్గుదురు. స్నేహితులు విడిపోవుదురు.

ఎదుటి పక్షమునను ఒక తప్పు కలదు. తోడివారి సొత్తు దొంగిలించి, వారి యత్నములను చెడగొట్టి, "నేనేమి చేయుదును, నా పాత్ర స్వభావమదే" యని తప్పించుకొనువాడు కూడ కలడు. ఆ స్వభావమును ఎన్నుకొన్నవాడు తానే గదా! వేషము బాధ్యతను మోపునే గాని తొలగింపదు.

కావున మంచి సూత్రధారులు ఆట మొదలిడకముందే అందరిని కూర్చుండబెట్టి, ఎవరికేది ప్రియము, ఎవరేది సహింపరు అని అడిగి తెలిసికొందురు. బలముతో మాత్రమే తీరని చిక్కులను కథలో కల్పింతురు. మాటకు వెనుదీయు వానిని పేరుపెట్టి పిలిచి అవకాశమిత్తురు. రచ్చబండ కడ పంచాయతీ నడపిన పెద్దలకు ఈ నేర్పును వేరుగా చెప్పనేల?

భారతమునుండి మరియొక్క మాట చెప్పి ముగింతును. యక్షుడు నలుగురు తమ్ములలో ఒక్కని బ్రదికింతునన్నప్పుడు ధర్మరాజు భీముని కోరలేదు, అర్జునుని కోరలేదు, నకులుని కోరెను. ముందున్నది మహాయుద్ధము. బలపు లెక్కలో అది నష్టము. కాని కుంతికి తానొక్కడు మిగిలియున్నాడు, మాద్రికిని ఒక్కడు మిగులవలయును. తన పాత్రను తానెరిగినవాని కోరిక అది. ఆ కోరికకు మెచ్చియే యక్షుడు నలుగురిని లేపెను.

ఈ తడవ మీ మనుమడు సెలవులకు వచ్చి పాచికలు బయట పెట్టినప్పుడు, ఎన్ని గెలిచితివని అడుగకుడు. "ఏ వేషము వేసితివి నాయనా? నీకు కష్టము వచ్చినప్పుడు ఆ వేషధారి ఏమి చేసెను?" అని అడుగుడు. అతడు చెప్పు కథను వినుడు. వీలైనచో ఒక పాత్ర మీరును ధరింపుడు.

సెలవు.