బొమ్మ ఏనుగు మోసిన డేటా కొండ!

కోటీ 10 లక్షల వార్తలు. అన్నీ పాత పేపర్ల నుంచి స్కాన్ చేసినవే. ఒక్కో వార్తా ముక్కలు ముక్కలుగా ఉంది. వాటిని అతికించి, ఎవరైనా కంప్యూటర్లో చదువుకునేలా పీడీఎఫ్‌లుగా మార్చాలి. 2007లో అమెరికా పత్రిక న్యూయార్క్ టైమ్స్ ముందున్న పని ఇది. మొత్తం డేటా 4 టెరాబైట్లు. అద్దెకు తీసుకున్న 100 కంప్యూటర్లు ఆ పనిని ఒక్కరోజులోపే ముగించేశాయి! ఆ వందింటికీ పని పంచి, దగ్గరుండి చేయించిన మేస్త్రీ ఓ సాఫ్ట్‌వేర్. పేరు హడూప్. యంత్రాలకి అద్దె కట్టారు కానీ, మేస్త్రీకి మాత్రం పైసా ఇవ్వక్కర్లేదు.

వందమంది చేతులు

ఓ హార్డ్‌డిస్కు సెకనుకి 100 మెగాబైట్లు చదువుతుందనుకుందాం. ఒక టెరాబైటు, అంటే 10 లక్షల మెగాబైట్లు చదవడానికి దానికి దాదాపు రెండుముప్పావు గంటలు పడుతుంది. అదే డేటాను 100 డిస్కులకు పంచి ఒకేసారి చదివిస్తే... 100 సెకన్లు చాలు!

వినడానికి తేలికే. అసలు చిక్కు వేరే ఉంది. ఒక కంప్యూటర్ మూడేళ్లకోసారి మొరాయిస్తుందనుకున్నా, వెయ్యి కంప్యూటర్లుంటే రోజుకొకటి మూలన పడుతుంది. అందులోని డేటా ఏమైపోవాలి? సగంలో ఆగిన పని ఎవరు చేయాలి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబే హడూప్.

ఇద్దరితో మొదలు

2002లో డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా అనే ఇద్దరు అమెరికన్లు ‘నచ్’ పేరుతో అందరికీ ఉచితంగా అందే సెర్చింజన్ తయారీకి పూనుకున్నారు. 100 కోట్ల వెబ్ పేజీలను వెతికిపెట్టాలంటే యంత్రాలకే 5 లక్షల డాలర్లు, నిర్వహణకి నెలకు 30 వేల డాలర్లు కావాలని లెక్క తేలింది. ఆ ఖర్చు ఒక ఎత్తయితే, అన్ని కంప్యూటర్లను కలిపి నడపడం మరో ఎత్తు.

సరిగ్గా అప్పుడే గూగుల్ తన ఇంటిగుట్టు కొంత విప్పింది. డేటాను ఎలా దాస్తుందో 2003లో, ఎలా లెక్కకడుతుందో 2004లో పరిశోధన పత్రాలు ప్రచురించింది. ఈ రెండింటి రచయితల్లోనూ మన రాజస్థాన్‌లోని కోటాలో పెరిగిన సంజయ్ ఘెమావత్ ఉన్నారు. గూగుల్ చెప్పింది పద్ధతి మాత్రమే, ప్రోగ్రామ్ ఇవ్వలేదు. ఆ పద్ధతితో కటింగ్, కాఫరెల్లా తమ ప్రోగ్రామ్ తామే రాసుకున్నారు. 2006లో కటింగ్ యాహూలో చేరాక, నచ్‌లోని ఈ భాగం విడిగా హడూప్ అయింది. కటింగ్ కొడుకు తన పసుపురంగు బొమ్మ ఏనుగుకి పెట్టుకున్న పేరే అది!

ఒకటికి మూడు

పోతుందని ముందే ఒప్పుకోవడం... అదే హడూప్ తెలివి. పెద్ద ఫైలును అది 128 మెగాబైట్ల ముక్కలుగా కోస్తుంది (మొదట్లో 64 ఉండేది). ఒక్కో ముక్కకి మూడు ప్రతులు తీసి వేర్వేరు కంప్యూటర్లలో పెడుతుంది. ఏ ముక్క ఎక్కడుందో రాసుకోవడానికి ఓ పెద్ద గుమస్తా కంప్యూటర్ ఉంటుంది. మిగతావన్నీ ప్రతి 3 సెకన్లకీ దానికి ‘నేనున్నాను’ అని హాజరు పలకాలి. సుమారు పది నిమిషాలు పలక్కపోతే ఆ కంప్యూటర్‌ను లేనట్టే లెక్కేసి, అందులోని ముక్కలకు వేరేచోట కొత్త ప్రతులు తీయించేస్తుంది. వాడేవాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఇక లెక్కింపు. ఎన్నికల ఫలితాల రోజున ఓట్లన్నీ ఒకే మనిషి ముందు పోయరు కదా! టేబుళ్లవారీగా లెక్కపెట్టి, చివర్లో మొత్తాలను కూడతారు. హడూప్ చేసేదీ అదే. ఒక్కటే తేడా. ఎన్నికల్లో ఓట్లు లెక్కింపు కేంద్రానికి వస్తాయి. ఇక్కడ లెక్కపెట్టేవాళ్లే ఓట్లున్న చోటికి వెళ్తారు. కొండలాంటి డేటాను కదిలించడం కన్నా చిన్న ప్రోగ్రామ్‌ను పంపడం తేలిక మరి.

ఈ పద్ధతితోనే యాహూ 2008లో 910 కంప్యూటర్లతో ఒక టెరాబైటు డేటాను 209 సెకన్లలో వరుసక్రమంలో పేర్చి రికార్డు కొట్టింది. అంతకుముందు రికార్డు 297 సెకన్లు.

అమీర్‌పేట దాకా...

యాహూ ఇంజినీర్లు ఏళ్లతరబడి శ్రమించినా హడూప్‌కి తాళం వేయలేదు. లాభాపేక్ష లేని అపాచీ ఫౌండేషన్ నీడలో అందరికీ వదిలేసింది. ఫేస్‌బుక్ దానిమీద ‘హైవ్’ను కట్టి, అదీ ఉచితంగానే ఇచ్చింది. మన ఆధార్ వ్యవస్థ నిర్మాణంలోనూ హడూప్‌ను, దాని మీద నడిచే హెచ్‌బేస్‌ను వాడారు. 2010 తర్వాత కొన్నేళ్లపాటు హైదరాబాద్ అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డుల పక్కన హడూప్ బోర్డులూ వెలిశాయి. ఎవరైనా దాన్ని తమ కంప్యూటర్లోకి దించుకుని, విప్పి చూసి నేర్చుకోవచ్చు. ఖరీదైన లైసెన్సు కొనాల్సివస్తే ఈ చదువు అందరికీ అందేదా?

ఏనుగుకీ వయసొచ్చింది

లోపాలు లేవని కాదు. మొదట్లో ఆ పెద్ద గుమస్తా పడిపోతే మొత్తం ఆగిపోయేది. 2013లో వచ్చిన హడూప్-2తో దానికీ తోడు దొరికింది. ప్రతి అడుగులోనూ డిస్కు మీద రాసి, మళ్లీ చదవడం వల్ల పని నెమ్మదించేది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘స్పార్క్’ మధ్యలో వచ్చే లెక్కల్ని వీలైనంతవరకూ మెమరీలోనే ఉంచుకుని దాన్ని దాటేసింది. క్లౌడ్‌లో చోటు అద్దెకు దొరకడంతో సొంతంగా యంత్రాలు పేర్చుకునే అవసరమూ తగ్గింది. హడూప్ మీదే వ్యాపారం కట్టుకున్న క్లౌడెరా, హోర్టన్‌వర్క్స్ కంపెనీలు 2019లో ఒక్కటైపోయాయి.

అయినా ఏనుగు నేర్పిన పాఠం పాతబడలేదు. స్పార్క్ కూడా ఉచితమే, అదీ పనిని పంచే చేస్తుంది. నమ్మదగ్గ ఒక్క మహాయంత్రం కోసం ఎదురుచూడకుండా, ఎప్పుడు ఆగిపోతాయో తెలియని మామూలు యంత్రాలతోనే నమ్మకమైన పని చేయించవచ్చని చూపించింది హడూప్. ఆ కిటుకును నలుగురికీ పంచినందుకే, పెద్ద కంపెనీలకే సాధ్యమైన లెక్కలు ఓ పత్రికాఫీసుకీ సాధ్యమయ్యాయి.