పాత రైఫిలు కొనుట, కాపాడుకొనుట

మన సంఘ సభ్యులలో లైసెన్సు గలవారు కొందఱు కొత్తదాని వెలకు జంకి పాత రైఫిలు కొనుచున్నారు. మన దేశమున ఇట్లు చేతులు మారునది తఱచుగా .315 బోరు బోల్టు రైఫిలు. బ్రిటిషు ప్రభుత్వము సైన్యపు .303 తూటాను ప్రజలకు అందనీయకుండుటచే ఈ వేఱు కొలత వాడుకలోనికి వచ్చినది. ఇషాపూరు కర్మాగారమున తయారైన ఈ రైఫిలునకు సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు బోల్టే ఆధారము.

1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు దీనిని మరమ్మతు చేయుటయు నేరమే. కావున ఊరి కొలిమికి కొనిపోరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచే, పంట త్రొక్కు అడవిపందినైనను అధికారుల యనుమతి లేక కాల్చరాదు. ఇక పనిముట్టు మాటకు వత్తము.

ముందుగా మేగజైను ఊడదీసి, బోల్టు వెనుకకు లాగి, తూటా యుండు అఱను కంటితోను వ్రేలితోను చూడవలెను. ఖాళీయేయని అమ్మువాడు చెప్పిన మాట చాలదు. పిమ్మట బోల్టు మీది సంఖ్యయు, తుపాకి మీది సంఖ్యయు ఒకటియేనా యని పోల్చవలెను. వేఱైనచో ఆ బోల్టు మఱొక తుపాకిది కావచ్చును. బోల్టు మొగమునకును తూటా అంచునకును నడుమ సందు మితిమీరినచో, పేలినపుడు ఇత్తడి తొడుగు సాగి తెగును. వేడి వాయువు కాల్చువాని మొగముపైకి చిమ్మును. సందును కొలుచు గేజి మరమ్మతుదారు వద్ద నుండును. మనకు మాత్రము పేలిన తొడుగే సాక్షి. దాని అడుగునకు కొంచెము పైన చుట్టును మెఱయు గీత కన్పడెనా, ఆ రైఫిలు ఎంత చవుకైనను మరమ్మతుదారునికి చూపక బేరము సాగింపవలదు.

బోల్టు తీసి గొట్టములోనుండి వెలుతురును చూడుడు. లోపలి మెలికచాళ్ళ అంచులు తీరుగా నుండవలెను. కొంత మసకను సహింపవచ్చును గాని తుప్పు తిన్న గుంటలు పూడవు.

ఈ తుప్పును గూర్చి కొంచెము విస్తరించి చెప్పుదుము. మంచి తుపాకు లనేకము చెడినది దీనివలననే. పాత రకపు తూటాల అడుగున నిప్పు పుట్టించు మందులో పొటాషియము క్లోరేటు ఉండెడిది. పేలిన పిమ్మట అది లవణమై గొట్టమున నిలిచి, వానకాలమున మన ఉప్పుజాడి చెమర్చినట్లే గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినును. నూనె దీనిని కప్పునే గాని కరగింపదు. నీరే కరగించును. ఇనుముపై నీరు పోయుమనుట వింతగా తోచవచ్చును. కాని సైనికులు చేసిన పనియు నిదే. కాల్చిన నాటి సాయంకాలమే మరుగు నీటిని గరాటుతో తూటా అఱవైపునుండి పోసి మూతిగుండ వెడలనీయవలెను. ఆ వేడికే గొట్టము చాలవఱకు ఆరును. తరువాత పొడిగుడ్డ, ఆపైన పలుచని తుపాకినూనె. తూటా రకము నిశ్చయముగా తెలియనివారు ప్రతిసారియు ఇట్లే చేయుట మేలు.

మీట నొక్కినను పేలనిచో వెంటనే బోల్టు తెఱవరాదు. మూతిని నిరపాయమైన దిక్కునకే యుంచి నిమిషము ఆగవలెను. మందు ఆలస్యముగా అంటుకొనుట కలదు. పలుమారు ఇట్లైనచో బోల్టు లోపలి సూదిని అనుమానింపుడు. ఇంటిలో నున్నదే చాలునని ఆముదమో నువ్వులనూనెయో పూయుదురు. అది దుమ్ముతో కలిసి జిగురై సూది వేగమును తగ్గించును. కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టిన చాలును. అప్పటికిని తీరకున్న స్ప్రింగు అలసినదన్నమాట. శబ్దము మందముగా వచ్చినపుడు గుండు గొట్టములోనే చిక్కియుండవచ్చును. చూడక రెండవ తూటా పెట్టరాదు.

గుఱి హఠాత్తుగా తప్పుచున్నచో చాళ్ళనే నిందింపక కఱ్ఱను చూడుడు. వానకు ఉబ్బిన కఱ్ఱ గొట్టమును ఒత్తును. మరలలు వదులైనను అంతే.

తోలుసంచిలో పెట్టి నెలలు మఱచుట మంచిది కాదు, తోలు తేమను పట్టును. ముసురు దినములలో వారమున కొకసారి తీసి తుడువవలెను. కాల్చుటకు ముందు తూటా అఱలోని నూనెను పూర్తిగా తుడువవలెను. అచట జిడ్డున్నచో బోల్టుపై ఒత్తిడి పెరుగును. గోడకు నిలిపిన తుపాకి మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టుట మన యిండ్లలో అరుదు కాదు. అట్టి గొట్టము పేల్చినచో చీలిపోవును. కావున తూటా పెట్టుటకు ముందు ప్రతిసారియు బోల్టు తీసి వెలుతురు కన్పడునేమో చూడవలెను.